వెనుదిరగడం వేరు, టర్న్ బ్యాక్ వేరు

భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం అయిపోయాక పత్రికల్లో తప్పనిసరిగా కనిపించే వాక్యం ఒకటుంది: “స్వామివారిని దర్శించుకుని భక్తులు వెనుదిరిగారు.” తెలుగులో దీనికి వంక పెట్టడానికేమీ లేదు. దీన్నే ఇంగ్లీషులోకి తెచ్చి “ద డివోటీస్ హాడ్ దర్శన్ అండ్ టర్న్‌డ్ బ్యాక్” అని రాస్తే మాత్రం చదివేవాళ్లు తికమకపడతారు. దర్శనం అయిందంటున్నారు కదా, మరి టర్న్‌డ్ బ్యాక్ ఏమిటి, అక్కడి నుంచి ఇంకెక్కడికో బయల్దేరి వెళ్లలేకపోయారా అనే సందేహం వస్తుంది. టర్న్ బ్యాక్ అనే క్రియ ప్రయాణానికి వాడినప్పుడు “అనుకున్న చోటికి చేరలేదు” అనే అర్థాన్ని తనలోనే మోసుకొస్తుంది. కోనసీమ, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో ఇంగ్లీషు రాసేవాళ్లు ఈ క్రియతో చేసే తప్పుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

మన వెనుదిరుగు దిక్కును మాత్రమే చెబుతుంది. పని అయిందా లేదా అన్నది దాని ముందున్న మాట చెప్పాలి. “దర్శించుకుని వెనుదిరిగారు” అన్నా సరే, “దర్శనం దొరక్క వెనుదిరిగారు” అన్నా సరే, క్రియ మారదు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ క్రియలు వేరు. పని అయ్యాక తిరిగొస్తే “రిటర్న్‌డ్”, “కేమ్ బ్యాక్”, “వెంట్ బ్యాక్”, లేదా తేలిగ్గా “వెంట్ హోమ్”. దారి మధ్యలోనే ప్రయాణం మానుకుని వచ్చిన వైపే మళ్లితే “టర్న్‌డ్ బ్యాక్”.

కాబట్టి వాక్యం రాసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న “వెనక్కి వచ్చారా?” అని కాదు, “చేరారా?” అని. చేరితే టర్న్ బ్యాక్ పనికిరాదు. నరసాపురం సంతకు వెళ్లి కూరగాయలు అమ్ముకుని ఇంటికొచ్చిన రైతు “టర్న్‌డ్ బ్యాక్” కాదు, “కేమ్ హోమ్”. అదే రైతు రేవు దాకా వెళ్లి, వరదకు పంటు (నది దాటించే పెద్ద పడవ) నిలిపేశారని తెలిసి ఇంటిదారి పడితే “హి టర్న్‌డ్ బ్యాక్ ఎట్ ద ఫెర్రీ” అనడం సరిగ్గా కుదురుతుంది.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. చేరాక లోపలికి రానివ్వకపోతే ఏమనాలి? గుడి దాకా వెళ్లారు, తలుపులు వేసేశారు, పంపించేశారు. అప్పుడు “దే వర్ టర్న్‌డ్ అవే”. దారిలో పోలీసులు ఆపి వెనక్కి పంపితే “దే వర్ టర్న్‌డ్ బ్యాక్”. “అవే” అంటే గుమ్మం దగ్గరే నిరాకరించడం, “బ్యాక్” అంటే దారిలో మళ్లించడం. వరద రోజుల్లో వంతెన మీదికి రానివ్వకుండా లారీలను ఆపేస్తే “ద లారీస్ వర్ టర్న్‌డ్ బ్యాక్ ఎట్ ద బ్రిడ్జ్.” పునరావాస కేంద్రంలో చోటు లేదని మనుషులను పంపేస్తే “పీపుల్ వర్ టర్న్‌డ్ అవే ఫ్రమ్ ద రిలీఫ్ క్యాంప్.” ఈ రెండూ తారుమారైతే జరిగిన సంగతే మారిపోతుంది. లారీలు వంతెన దగ్గర ఆగాయా, సరుకు దించాల్సిన గోదాము గేటు దగ్గర ఆగాయా అన్నది ఆ చిన్న మాటే చెబుతుంది.

ఒక వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా కట్టి చూద్దాం. ఉదాహరణకు పత్రికలో ఇలా వచ్చిందనుకుందాం: “వరద ఉద్ధృతి పెరగడంతో సఖినేటిపల్లి రేవు నుంచి బయల్దేరిన పంటు సగం దూరం వెళ్లి వెనుదిరిగింది.”

తెలుగు వాక్యం కారణంతో మొదలై క్రియతో ముగుస్తుంది. ఇంగ్లీషులో కర్తను, క్రియను ముందు పట్టుకుంటే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. కర్త పంటు. దీనికి “ద ఫెర్రీ” చాలు, అందరికీ తెలుస్తుంది. ఏ పంటు? సఖినేటిపల్లి నుంచి బయల్దేరినది. దీనికి “విచ్ వాజ్ స్టార్టెడ్ ఫ్రమ్” అని సాగదీయక్కర్లేదు, “ద ఫెర్రీ ఫ్రమ్ సఖినేటిపల్లి” అంటే సరిపోతుంది. సగం దూరం వెళ్లి అనేదాన్ని “ఆఫ్టర్ గోయింగ్ హాఫ్ డిస్టెన్స్” అని మాటకు మాట దించుతుంటారు. ఇంగ్లీషులో దానికి “హాఫ్‌వే” అనే ఒక్క మాట ఉంది, టర్న్ బ్యాక్‌కు అది సహజంగా జత పడుతుంది. నది దాటే సందర్భం కాబట్టి “హాఫ్‌వే అక్రాస్” అంటే ఇంకా స్పష్టం. ఇప్పుడు కారణం. “ఉద్ధృతి పెరగడంతో” అనేదాన్ని “డ్యూ టు ఫ్లడ్ ఈజ్ ఇంక్రీజింగ్” అని రాయడం చాలా చోట్ల కనిపించే తప్పు. డ్యూ టు, బికాజ్ ఆఫ్ తర్వాత నామవాచకమే రావాలి, పూర్తి వాక్యం రాకూడదు. పూర్తి వాక్యం కావాలంటే ఒక్క బికాజ్ చాలు, పక్కన ఆఫ్ ఉండకూడదు. అన్నీ కలిపితే:

“ద ఫెర్రీ ఫ్రమ్ సఖినేటిపల్లి టర్న్‌డ్ బ్యాక్ హాఫ్‌వే అక్రాస్ బికాజ్ ద రివర్ వాజ్ రైజింగ్.”

ఇక్కడ ఉద్ధృతికి మాట వెతకలేదని గమనించండి. ఏరు పెరుగుతోంది అన్నాం, అంతే. ఉద్ధృతిని ఫ్యూరీ, ఫెరోసిటీ లాంటి మాటల్లోకి తిప్పితే వాక్యం బరువెక్కుతుందే తప్ప సమాచారం పెరగదు.

టర్న్ బ్యాక్ ఒంటరిగానూ వస్తుంది. కానీ చేరకపోవడం వెనక చాలాసార్లు ఏదో ఒక ఒత్తిడి ఉంటుంది కాబట్టి దానికి ముందు తరచుగా సహాయక క్రియ ఒకటి చేరుతుంది. ఈ సహాయక క్రియల దగ్గర తెలుగు, ఇంగ్లీషు లెక్కలు తప్పుతుంటాయి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిందనుకుందాం. “వెనక్కి తిరగక తప్పలేదు” అంటే “వి హాడ్ టు టర్న్ బ్యాక్.” జరిగిపోయింది, తిరిగారు. “వెనక్కి తిరగాల్సింది, తిరగలేదు” అంటే “వి షుడ్ హావ్ టర్న్‌డ్ బ్యాక్.” ఇక్కడ తిరగలేదు, నీళ్లలో దిగి ఇబ్బంది పడ్డారు. “వాళ్లు వెనక్కి తిరిగి ఉంటారు” అంటే “దే మస్ట్ హావ్ టర్న్‌డ్ బ్యాక్.” ఇది ఊహ, చూసిన సంగతి కాదు. “అప్పటికే వెనక్కి తిరిగే వీల్లేకపోయింది” అంటే “ఇట్ వాజ్ టూ లేట్ టు టర్న్ బ్యాక్.” తెలుగులో -ఆల్సి అనే ప్రత్యయం బాధ్యతను, బలవంతాన్ని, జరగని పనిని మూడింటినీ మోస్తుంది. “రావాల్సి వచ్చింది” వేరు, “రావాల్సింది” వేరు అని మనకు చెవికే తెలుస్తుంది. ఇంగ్లీషులో మొదటిది హాడ్ టు, రెండోది షుడ్ హావ్. ఈ తేడా పట్టుకోలేని చోట “మస్ట్ హావ్ టు టర్న్ బ్యాక్” లాంటి కలగలుపు వాక్యాలు పుడతాయి. మస్ట్, హావ్ టు రెండూ ఒకే పని చేస్తాయి కాబట్టి ఒకటి తీసేయాల్సిందే.

పలికే తీరు కూడా రాతను పాడుచేస్తుంది. టర్న్‌డ్ చివరి డకారాన్ని గట్టిగా పలకకూడదు, దానికి అచ్చు చేర్చి “టర్నెడ్” అని రెండు అక్షరాలు చేయకూడదు. కానీ వెంటనే బ్యాక్ రావడంతో ఆ సన్నటి డకారం నోట్లోనే కలిసిపోయి “టర్న్ బ్యాక్” అని వినిపిస్తుంది. విన్నట్టే రాస్తే భూతకాలం ఎగిరిపోతుంది. “యెస్టర్‌డే వి టర్న్ బ్యాక్” అని రాసినవాళ్లకు వ్యాకరణం రాకపోవడం కాదు, చెవి చెప్పింది చెయ్యి రాసింది. మాట్లాడేటప్పుడు ఊత బ్యాక్ మీద పడాలి, టర్న్‌డ్ మీద కాదు. ఊత సరిగ్గా పడితే డకారం కొంచెం మింగినా వినేవాళ్లకు ఇబ్బంది ఉండదు. రాతలో మాత్రం దాన్ని వదలకూడదు.

కర్మ ఉన్నప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి? “దే టర్న్‌డ్ ద బోట్ బ్యాక్” అనొచ్చు, “దే టర్న్‌డ్ బ్యాక్ ద బోట్” అనొచ్చు. కర్మ సర్వనామం అయితే మాత్రం ఒకటే దారి: “దే టర్న్‌డ్ ఇట్ బ్యాక్.” “టర్న్‌డ్ బ్యాక్ ఇట్” ఎప్పుడూ తప్పే. కర్మ పొడుగ్గా ఉంటే బ్యాక్‌ను ముందు పెట్టేయడం మేలు: “దే టర్న్‌డ్ బ్యాక్ ఎవ్రీ లారీ క్యారీయింగ్ కోకోనట్స్ ఫ్రమ్ అంబాజీపేట.” ఈ బ్యాక్‌ను చివరికి తోస్తే, అంబాజీపేట దాకా చదివేసరికి క్రియ ఏమిటో మరిచిపోతారు.

ఇప్పుడు బ్యాక్ ఎక్కువైపోయే జబ్బు సంగతి. “రిటర్న్ బ్యాక్”, “రివర్స్ బ్యాక్”, “రివర్ట్ బ్యాక్” అన్నవి తెలుగువాళ్ల ఇంగ్లీషులో విడవకుండా కనిపిస్తాయి. ఆ మూడు క్రియల మొదట్లో ఉన్న “రి” లాటిన్ నుంచి వచ్చింది. దానికే వెనక్కి, మళ్లీ అనే అర్థాలున్నాయి. కాబట్టి బ్యాక్ చేర్చడం అనవసరం. మనకది అనవసరం అనిపించకపోవడానికి కారణం తెలుగులోనే ఉంది. మళ్లీ అనే మాట మళ్లు నుంచి, మరల అనేది మరలు నుంచి, తిరిగి అనేది తిరుగు నుంచి వచ్చాయి. మూడింటి మూలమూ దిశ మార్చుకోవడమే. వాడివాడి ఆ అర్థం అరిగిపోయి, “ఇంకోసారి” అనే అర్థం నిలబడింది. అందుకే వెనక్కి అనే అర్థం కచ్చితంగా తెలియాలంటే “వెనక్కి తిరిగి వచ్చాడు” అని రెండు మాటలు వేస్తాం. ఆ అలవాటే ఇంగ్లీషులోకి వెళ్లి రిటర్న్ పక్కన బ్యాక్‌ను కూర్చోబెడుతుంది.

ఇదే తిరిగి అనే మాట ఇంకో తప్పు కూడా చేయిస్తుంది. “తిరిగి వచ్చాడు” అనేదాన్ని “హి అగెయిన్ కేమ్” అంటారు. అది రెండోసారి వచ్చాడనే అర్థం ఇస్తుంది. తిరుగు ప్రయాణమైతే “హి కేమ్ బ్యాక్”, రెండో రాక అయితే “హి కేమ్ అగెయిన్”. అగెయిన్‌కు ఇక్కడ చోటు క్రియ తర్వాత. రిటర్న్‌తో ఇంకొక్క జాగ్రత్త: “రిటర్న్ టు అమలాపురం” సరే, “రిటర్న్ టు హోమ్” కాదు, “రిటర్న్ హోమ్”.

రివర్ట్ విషయంలో కొంచెం ఆగాలి. దాని అసలు పని పాత స్థితికి చేరడం. చేపల చెరువు పూడ్చి మళ్లీ వరి వేస్తే “ద ల్యాండ్ రివర్టెడ్ టు ప్యాడీ.” మన ఆఫీసు ఉత్తరాల్లో “కైండ్లీ రివర్ట్” అంటే జవాబు ఇవ్వండి అని. ఇండియాలో అది అందరికీ అర్థమవుతుంది కాబట్టి మన మధ్య వాడుకుంటే పేచీ లేదు. కానీ భీమవరం నుంచి రొయ్యలు కొనే అమెరికా వ్యాపారికి “ప్లీజ్ రివర్ట్ ఆన్ ద ప్రైస్” అని రాస్తే, ధరను పాత రేటుకు దించమంటున్నారా అనే అయోమయం కలగొచ్చు. డబ్బుతో ముడిపడిన ఉత్తరంలో “ప్లీజ్ రిప్లై” అనడమే క్షేమం.

బండి దగ్గరికొస్తే టర్న్ బ్యాక్‌కు, టర్న్ రౌండ్‌కు, రివర్స్‌కు తేడా కళ్లకు కడుతుంది. కొబ్బరికాయల లారీ ఇరుకు కాలవగట్టు మీదికి ఎక్కింది. ముందు గండి పడి ఉంది. డ్రైవరు బండి మొహాన్ని ఇటు తిప్పే చోటు లేదు. గేరు మార్చి, క్లీనరు వెనక నిలబడి చెయ్యి ఊపుతుంటే, అద్దంలో చూసుకుంటూ మెల్లగా వెనక్కి నడిపాడు. మొహం తిప్పడం టర్న్ రౌండ్, అది కుదరలేదు. మొహం అటే ఉంచి వెనక్కి నడపడం రివర్స్, అదే చేశాడు. మొత్తం మీద ప్రయాణం మానుకుని మళ్లిపోవడం టర్న్ బ్యాక్. మూడూ ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి: “హి హాడ్ టు టర్న్ బ్యాక్, బట్ హి కుడ్ నాట్ టర్న్ రౌండ్ ఆన్ ద నారో బండ్, సో హి రివర్స్‌డ్ ఆల్ ద వే టు ద రోడ్.” మనం “రివర్స్ తీసుకో” అంటాం కాబట్టి “టేక్ రివర్స్” అని వచ్చేస్తుంది. ఇంగ్లీషులో రివర్స్ తానే క్రియ, టేక్ అక్కర్లేదు. వెనక నుంచి ఎవరో పిలిస్తే తిరిగి చూడటానికి కూడా టర్న్ బ్యాక్ కాదు, “షి టర్న్‌డ్ రౌండ్” లేదా “షి లుక్‌డ్ బ్యాక్”.

మాట మీద నిలబడకపోవడానికి టర్న్ బ్యాక్ వాడకూడదు. ఇచ్చిన మాట తప్పితే “వెంట్ బ్యాక్ ఆన్ హిజ్ వర్డ్”, చెప్పినదాన్ని సవరించుకుంటూ జారుకుంటే “బ్యాక్‌ట్రాక్‌డ్”, ఒత్తిడికి వెనక్కి తగ్గితే “బ్యాక్‌డ్ డౌన్”, కింది కోర్టు తీర్పును పైకోర్టు తిరగరాస్తే “రివర్స్‌డ్”. “టర్న్‌డ్ హిజ్ బ్యాక్ ఆన్ ద విలేజ్” అనేది పూర్తిగా వేరే సంగతి. అక్కడ బ్యాక్ అంటే వీపు, ఊరిని పట్టించుకోవడం మానేశాడని అర్థం. మధ్యలో హిజ్ ఉందా లేదా అన్నదే తేడా, ఆ ఒక్క మాట మరిచిపోతే వాక్యం చెడి, మనిషి ఊరి దారిలో మధ్యలోంచి మళ్లాడేమో అనిపిస్తుంది.

నీళ్ల భాష దగ్గర డెల్టావాళ్లకు సహజంగా పట్టు ఎక్కువ. ఆ పట్టును ఇంగ్లీషులోకి తేవడం మంచి సాధన. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయి గోదావరి నీటిని కాలవలకు మళ్లించింది. ఈ మళ్లింపు “డైవర్టెడ్”, టర్న్‌డ్ బ్యాక్ కాదు. నీరు వచ్చిన వైపు పోలేదు, పక్కకు పోయింది. ఇప్పుడు అక్కడున్న బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మట్టం తగ్గుముఖం పడితే “ద ఫ్లడ్ రిసీడెడ్”, హెచ్చరిక ఎత్తేస్తే “ద థర్డ్ వార్నింగ్ వాజ్ విత్‌డ్రాన్”. రెండింటికీ మనవాళ్లు కొందరు “వెంట్ బ్యాక్” అని సరిపెడతారు, సరిపోదు. అంతర్వేది వైపు పోటు పోయి పాటు మొదలైతే “ద టైడ్ టర్న్‌డ్”. అక్కడ బ్యాక్ చేర్చరు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మురుగుకాలవ నీరు దిగక చేలల్లోకి ఎగదన్నితే “ద డ్రెయిన్ బ్యాక్‌డ్ అప్ ఇన్‌టు ద ఫీల్డ్స్”. ఎగదన్నడానికి ఇంత దగ్గరగా అతికే క్రియ ఇంగ్లీషులో ఇంకొకటి దొరకడం కష్టం.

తుపాను రోజుల్లో వాతావరణ శాఖ ఇచ్చే ఇంగ్లీషు సూచన చూస్తే ఈ క్రియల ఎంపిక ఎంత జాగ్రత్తగా ఉంటుందో తెలుస్తుంది. సముద్రంలో ఉన్న మత్స్యకారులను “రిటర్న్ టు ద కోస్ట్” అంటుంది. ఇంకా బయల్దేరనివాళ్లను “నాట్ టు వెంచర్ ఇన్‌టు ద సీ” అంటుంది. మొదటిచోట టర్న్ బ్యాక్ లేకపోవడానికి కారణం ఉంది. సముద్రంలో ఉన్నవాళ్లలో కొందరు వేట ముగించి ఉంటారు, కొందరు వల వేస్తుంటారు, కొందరు ఇంకా దారిలోనే ఉంటారు. అందరికీ వర్తించేది రిటర్న్ ఒక్కటే. కాకినాడ నుంచి బయల్దేరిన బోటు వేట చోటికి చేరకముందే గాలి మొదలై వచ్చేసిందని ఎవరైనా రాయాల్సివస్తే అప్పుడు “ద బోట్ టర్న్‌డ్ బ్యాక్ బిఫోర్ రీచింగ్ ద ఫిషింగ్ గ్రౌండ్” అని రాయాలి. చేపలు పట్టుకుని వచ్చిన బోటుకు ఇదే వాక్యం వాడితే, దాని మీద ఆధారపడి వేట నష్టం లెక్క కట్టేవాళ్లు తప్పుడు అంకె వేసుకుంటారు.

సాధనకు పత్రికలో వెనుదిరిగారు, వెనక్కి తగ్గారు, తిరిగొచ్చారు, మళ్లించారు అని ఉన్న వాక్యాలను రోజూ కొన్ని ఏరి, ఒక్కోదాని పక్కన “చేరారా, లేదా, ఎవరు ఆపారు, ఎక్కడ ఆపారు” అని రాసుకుని, ఆ తర్వాతే ఇంగ్లీషు క్రియను ఎంచుకోవాలి. ఉదాహరణకు “కోటిపల్లి రేవులో పడవ లేదని తెలిసి ముక్తేశ్వరం వెళ్లాల్సినవాళ్లు వెనుదిరిగారు”: చేరలేదు, ఎవరూ తరిమేయలేదు, రేవులో ఆగారు. “పీపుల్ గోయింగ్ టు ముక్తేశ్వరం టర్న్‌డ్ బ్యాక్ ఎట్ కోటిపల్లి బికాజ్ దేర్ వాజ్ నో బోట్.” “అధికారులు లంక గ్రామాలు పరిశీలించి వెనుదిరిగారు”: చేరారు, పని అయింది. “ద అఫీషియల్స్ ఇన్‌స్పెక్టెడ్ ద ఐలండ్ విలేజెస్ అండ్ లెఫ్ట్.” “లంకలకు వెళ్లబోయిన అధికారుల పడవను ప్రవాహం చూసి సరంగు వెనక్కి తిప్పేశాడు”: చేరలేదు, తిప్పినవాడు సరంగు, కర్మ పడవ. “ద బోట్‌మన్ సా ద కరెంట్ అండ్ టర్న్‌డ్ ద అఫీషియల్స్ బోట్ బ్యాక్.”